తాళం వేసే ముందు పిలిచే మనిషి

మా తమ్ముడు చదివిన యూనివర్సిటీలో కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్‌గా పనిచేసిన, మేం అన్న అని పిలిచే పెద్దాయన మొన్న మంగళవారం పొద్దున పోయారు. చెప్పగానే తమ్ముడు, "ల్యాబ్ తాళంచెవులు ఎవరికిచ్చిండు?" అని అడిగాడు. ఆయన రిటైరై మూడేళ్ళయింది. వాడి ఏడుపు అలాగే ఉంటుంది.

తమ్ముడికి ఆటిజం. అమ్మ పోయాక అక్కగా నేనే పెంచాను. బడిలో వాడు ఏం మాట్లాడినా నవ్వేవారు. అందుకని ఒకటే నేర్పాను: "ఎవరన్న అడిగితెనే మాట్లాడు." నేను జపం తప్పనట్టే వాడు ఆ మాట తప్పలేదు. ఎమ్మెస్సీలో అందరూ గ్రూపులు కట్టుకునేవారు. వీణ్ణి ఎవరూ అడగరు, వీడు మిగిలిపోయేవాడు. ఓసారి క్యాంటీన్‌లో "ఏందిరా రోబో, ఛార్జింగ్ అయిపోయిందా?" అన్నారట. అడిగారు కదా అని ఫోన్ తీసి, "ఇంకా అరవై శాతం ఉంది" అని చూపించాడు. రోజంతా అదే నవ్వు. అప్పటినుంచి ల్యాబ్ వెనక గాజు సామాన్ల గదిలో ఒక్కడే టిఫిన్ డబ్బా విప్పుకుని తినేవాడు.

ఒకరోజు అన్న చూసుకోక ఆ గదికి తాళం వేసి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ లేవు. వాడు వేళకు ఇంటికి రాలేదు, ఫోన్ బయట బ్యాగులోనే ఉండిపోయింది. నేను పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళి, వెతికి, ఆయన చేత తలుపు తీయించేసరికి అయిదయింది. తమ్ముడు స్టూలు మీద, ఒళ్ళో ఖాళీ డబ్బాతో కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"తలుపు కొట్టద్దా తమ్మీ? ఒక్క కేకన్న వెయ్యద్దా?" అంటూ ఆయన వాడి చొక్కా తడిమి చూశారు.

"ఎవరూ అడగలె."

ఆయన నా వైపు తిరిగారు. నేను నేర్పింది చెప్పాను.

"చెల్లె, గది తాళం నేనేసిన, తప్పు నాదే. కని ఆ ఇంకో తాళం ఏసి ఎన్నేండ్లాయె?"

నేను తమ్ముడి ఒళ్ళోని ఖాళీ డబ్బా తీసుకున్నాను.

ఇక వెళ్ళనన్నాడు తమ్ముడు. మూడోరోజు ఆ అన్నే ఇంటికి వచ్చి, "రా తమ్మీ, ఇగ నేనడుగుత" అన్నారు. ఆనాటినుంచి రోజూ తాళం వేసే ముందు గుమ్మంలో నిలబడి, "లోపల ఎవరున్నరు?" అని పిలిచేవారు. జవాబు వచ్చేదాకా కదిలేవారు కాదు. "నాకేం తొందర? నిలబడ్డా గదే జీతం, కూసున్నా గదే జీతం" అనేవారట. చాలాసేపటికి లోపలినుంచి వచ్చేది: "నేనున్న."

రెండో ఏడు ప్రాజెక్టు జాబితా రాస్తుంటే, ఎవరూ అడగకుండానే తమ్ముడు లేచి, "నేనున్న, నా పేరు రాయండి" అన్నాడు. వాళ్ళేమీ స్నేహితులు కాలేదు. పేరు మాత్రం రాశారు. చదువు పూర్తయింది.

నేను జపంలోంచి లేవనని, సాయంత్రం పాలకు వెళ్ళేటప్పుడు బయటినుంచి తాళం వేసుకుపోవడం తమ్ముడి అలవాటు. అన్న పోయిన ఆ మంగళవారం తలుపు దగ్గరికి వేసి, మళ్ళీ తెరిచాడు.

"లోపల ఎవరున్నరు?"

జపమాల ఆగింది. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు.

తమ్ముడు తాళం చేత్తో పట్టుకుని, నా జవాబు కోసం గుమ్మంలో అలాగే నిలబడి ఉన్నాడు.