మల్లెపూల కట్టు

పరాయి బిడ్డ ఏడిస్తే నా రవిక తడిసేది. కాన్పు గదిలో ఎవరి బిడ్డో బయటపడి, గుక్క తిప్పుకుని కేర్‌మనేది. అంతే, నా రొమ్ములు రెండూ చేపుకొచ్చి తెల్లచీర ముందంతా మరకలయ్యేది. చేతిలో బొడ్డు కోసే కత్తెర ఉండేది కాబట్టి తుడుచుకునే వీలు కూడా లేదు. "నర్సమ్మకు యాడనో పిల్ల ఏడుస్తాండాది" అని కాన్పుకు తోడొచ్చిన ముసలమ్మ ఎవరో ఒకరు అనేవారు. నిజమే. ప్రొద్దుటూరులో ఏడుస్తూ ఉండేది.

నేను పులివెందులలో ఒక చిన్న ప్రసవాల ఆస్పత్రిలో నర్సుగా ఉన్నప్పటి మాట ఇది. ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. దసరా రోజుల్లో పాప పుట్టింది, చలి తగ్గకముందే సెలవు అయిపోయింది. మా ఆయన రోడ్డు పనుల మేస్త్రీ. కంకర ఎక్కడ పరిస్తే అక్కడే ఆయన మకాం. ఆ సంపాదన నమ్ముకుంటే మా పొయ్యిలో పిల్లి లేచేది కాదు. పాపను వెంట తీసుకుపోదామంటే కాన్పులకు పగలూ రాత్రీ లేదు, చూసుకునే మనిషీ లేదు. అమ్మ వచ్చి నా దగ్గర ఉండేదే, కానీ నాయన పక్షవాతంతో మంచం పట్టి ఉన్నాడు. అందుకని పాప ప్రొద్దుటూరులో అమ్మ దగ్గర, నేను పులివెందులలో. మధ్యలో ముద్దనూరు మీదుగా దుమ్ము కొట్టుకుంటూ పోయే బస్సు.

నాకు కావలసింది ఒక్కటే, జమ్మలమడుగుకు బదిలీ. అక్కడ సాయంత్రం బస్సెక్కితే పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. పొద్దున, రాత్రి పాపకు పాలివ్వవచ్చు. ఆ బదిలీ వచ్చేదాకా నా పాలు నిలవాలి. కడుపుతో ఉండగానే అర్జీ పెట్టాను. కడప ఆఫీసులో అడిగితే పైకి పంపామన్నారు. పై అంటే కర్నూలు. ఆ కర్నూలు కాస్తా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు పోయింది. నా అర్జీ ఏ బీరువాలో, ఏ లారీ మీద ఊరేగుతోందో దేవుడికెరుక. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అడిగితే పెట్టేది అమ్మే, ఆఫీసు కాదని నాకు అప్పుడే తెలిసింది.

మొదట్లో నరకం చూశాను. రొమ్ములు రాళ్లలా గట్టిపడేవి, చెయ్యెత్తితే ప్రాణం పోయేది. మధ్యాహ్నం సామాన్ల గదిలోకి పోయి, తలుపు మూసుకుని, గ్లాసులోకి పిండుకునేదాన్ని. పాప తాగవలసిన పాలు పారబోయడానికి చెయ్యి వచ్చేది కాదు. అక్కడ ఆయాగా పనిచేసే ఆమె సాయిబుల ఇంటి మనిషి, భర్త పరుపులు కుట్టేవాడు. ఆమె ఒకరోజు నన్ను చూసి, "రాతి మింద పొయ్యాకు నర్సమ్మా, పాలు ఎండకపోతాయి. చీమలు తిరిగే తావన గూడా పొయ్యాకు" అంది. అప్పటినుంచి పెరట్లో మునగచెట్టు మొదట్లో పోసేదాన్ని. ఆ ఏడు ఆ చెట్టు విరగకాసింది. ఆస్పత్రి వాళ్లందరూ ఆ కాయలతో చారు కాచుకుని మెచ్చుకున్నారు. నేను మాత్రం ఆ చారు ముట్టలేదు.

చెయ్యి పిండేది బిడ్డ తాగేదానికి సాటి రాదు. రోజులు గడిచేకొద్దీ గ్లాసులో మట్టం దిగుతూ వచ్చింది. తెల్లగడ్డలు వేయించుకు తిన్నాను, మెంతుల గంజి తాగాను, మునగాకు వండుకున్నాను. ఒళ్లంతా తెల్లగడ్డ వాసనే తప్ప పాలు పెరగలేదు. ఒక మధ్యాహ్నం ఎంత పిండినా గ్లాసు అడుగు కూడా నిండకపోతే, నేను గోడకు తల ఆనించి ఏడ్చాను. ఆయమ్మ బయటినుంచి తలుపు తట్టి, "ఏడిస్తే వచ్చేవి కండ్లనీళ్లే, పాలు కాదు. నా మాట ఇను" అంది.

ఆ వైపు ఒక పట్టింపు ఉంది. కాన్పయిన మూడు రోజులూ తల్లి పాలు బిడ్డకు పట్టరు. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోస్తారు. బిడ్డకు ఇంత ఆముదం నాకించి, మేకపాలో, దొరికితే ఇంకో బాలింత పాలో తాపిస్తారు. బిడ్డను వెంటనే తల్లి రొమ్ముకే పట్టాలని మాకు ట్రైనింగులో నేర్పారు. నేను ప్రతి కాన్పుకూ చెప్పేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. "మా అత్త తాపలా, మా అమ్మ తాపలా, నువ్వొచ్చి చెప్తాండావా" అనేవారు. మేకపాలు తాగి కడుపుబ్బి ఏడ్చే పసికందులను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆయమ్మ ఉపాయం అదే. ఆ మూడు రోజులూ ఆ పిల్లలకు నేను పాలివ్వాలి. వాళ్లకు పాలు దొరుకుతాయి, నాకు పాలు నిలుస్తాయి.

అట్లా మొదలైంది. ఎవరి బిడ్డలో లెక్కే లేదు. కాపుల ఇంటి బిడ్డ, గొర్రెల కాపరి బిడ్డ, వేంపల్లె వైపునుంచి ఎద్దులబండిలో వచ్చినామె కవలలు. ఒక్కొక్కటి మూడు రోజులు నా ఒళ్లో తాగి, నాలుగో రోజు తల్లి చంకెక్కి పోయేది. ఆయమ్మ చెప్పినట్టే పాలు మళ్లీ పొంగాయి. ఊపిరి పీల్చుకున్నాను. శనివారం సాయంత్రం సెలవు దొరికితే బస్సెక్కి ప్రొద్దుటూరు పోయేదాన్ని. పాప రొమ్ముకు అంటుకుంటే ఆదివారం మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేదాన్ని, కానీ ఆ ఏడుపులో కాస్త ధైర్యం ఉండేది.

ఎండలు ముదురుతుండగా పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో అమ్మవారు పోసింది. మశూచి అనడానికి నోరు రాక అందరం అమ్మవారనే అనేవాళ్లం. మా ఆస్పత్రిలోకి రాలేదు గానీ ఊళ్లో ఇండ్లకు వేపమండలు కట్టారు. అమ్మ బస్సు కండక్టరుతో కబురు పంపింది. "తల్లీ, నువ్వు రావాకు. బిడ్డకు తగిలితే మనం ఏం చేస్తాం. తగ్గినాక వద్దువులే." అమ్మ చెప్పిందాంట్లో తప్పేముంది. నేనే ఆమె స్థానంలో ఉంటే అదే చెప్పేదాన్ని. ఒక శనివారం పోయింది, ఇంకోటి పోయింది. ఉగాది కూడా పోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయిబుల పిల్లవాడు పుట్టాడు. తల్లికి పురిటి జ్వరం పట్టుకుని ఎంతకీ తగ్గలేదు. మూడు రోజులు కాస్తా రెండు వారాలు దాటింది. వాడు గట్టివాడు, ఒక రొమ్ము చాలక రెండోదాని కోసం కాళ్లు తన్నేవాడు. వాడి జేజి, అదే నాయనమ్మ, నా ముందు కూర్చుని, "నీకు బిడ్డ ఉండాదా నర్సమ్మా, ఆడా మొగా" అని అడిగింది. ఆడపిల్ల అన్నాను. "అయితే ఇంక వీనికి అక్కే. మాలో ఒక రొమ్ము పాలు తాగితే తోడబుట్టినోళ్లే. రేప్పొద్దున పెండ్లి మాట ఎత్తేవు, కుదరదు" అంది. "మంచిదేలేమ్మా, ఒక సంబంధం చూసే పని తప్పింది" అన్నాను. గదిలో అందరూ నవ్వారు. వాడి బుగ్గలు రోజురోజుకూ ఊరుతుంటే నాకు ముద్దొచ్చేది, కడుపు రగిలేది కూడా. అక్క పాలు తాగుతున్నావురా నాయనా అని వాడి చెవిలో అనేదాన్ని. వాడి తల్లి లేచి కూర్చుని వాడిని తీసుకుపోయిన రోజు నేను అన్నం తినలేదు.

పులివెందుల వైపు అమ్మవారు దిగి అందరూ నీళ్లు పోసుకోవడం అయిందని తెలిసి, ఇంక రావచ్చని అమ్మ కబురు పెట్టింది. ఇల్లు చేరగానే తలారా స్నానం చేసి, అమ్మ చీర కట్టుకుని, పాపను తీసుకున్నాను. పాప నా ముఖం వంక చూసింది. కొత్త మనిషిని చూసినట్టు చూసింది. రొమ్ము అందిస్తే మూతి తిప్పుకుంది. మళ్లీ అందిస్తే వెనక్కి విరుచుకుపడి ఏడ్చింది. ఆ ఏడుపుకు నా పాలు ధార కట్టి దాని బుగ్గ మీద పడ్డాయి. అది చేత్తో తుడిచేసుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. వంటింట్లోనుంచి అమ్మ ఉగ్గుగిన్నె చప్పుడు చేసింది. పాప ఏడుపు ఆపి అటు తల తిప్పింది.

"గిన్నె అలవాటయింది మే. మరిసిపోయింది" అంది అమ్మ, నా ముఖం చూడకుండా.

పులివెందులకు తిరిగి వచ్చేసరికి బల్ల మీద జమ్మలమడుగు బదిలీ ఉత్తరువు ఉంది. ఆయమ్మ సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకుంది. ఇంక ఏం ఫరవాలేదు, పక్కనే ఉంటే పాప దారికొస్తుందని నేనూ అనుకున్నాను. చేరేలోపు దొరికిన సెలవంతా ప్రొద్దుటూరులోనే గడిపాను. చనుమొనకు తేనె పూశాను. నిద్రమత్తులో ఉండగా పట్టాను. ఒకరోజు అమ్మ గిన్నె దాచిపెట్టింది. ఆకలయితే అదే తాగుతుందని. పాప మధ్యాహ్నం దాకా ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది గానీ నా రొమ్ముకు మూతి ఆనించలేదు. మంచంలోనుంచి నాయన మాట రాని నోటితో ఏదో అరవడం మొదలుపెట్టాడు. అమ్మ లేచి, "సాల్లే మే, బిడ్డ సచ్చిపోతాది" అని గిన్నె తెచ్చింది. పాప మేకపాలు గుటగుటా తాగింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఎవరెవరి బిడ్డలకో పనికొచ్చిన పాలు నా బిడ్డకు పనికిరాలేదు. ఆ పాలు నిలపడానికి నేను పడ్డ పాట్లన్నీ గుర్తొచ్చి, నా మీద నాకే అసహ్యం వేసింది.

తాగే బిడ్డ లేక రొమ్ములు గడ్డలు కట్టాయి. ఒళ్లు కాలిపోయే జ్వరం. అమ్మ ఒక పూట చూసింది. తర్వాత బజారుకు పోయి మల్లెమొగ్గలు తెచ్చింది. రొమ్ముకు మల్లెపూలు కడితే పాలు ఇంకిపోతాయని మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. బిడ్డ పోయిన తల్లులకు కట్టేవారు. అమ్మ దండ గుచ్చుతుంటే, ఎందుకు గుచ్చుతుందో తెలిసీ నేను వద్దనలేదు.

"నీ పాలు మంచివే మే" అంది కట్టు బిగిస్తూ. "దానికే తెలీకుండా పోయినాయి."

వాడిన దండ తీసి కొత్తది కడుతూ మూడు రోజులు గడిచాయి. గడ్డలు మెత్తబడ్డాయి. మూడో రోజు మధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. పాప పాకుతూ వచ్చింది. నా కోసం కాదు, పూల కోసం. కట్టులోనుంచి తొంగిచూసే మొగ్గను పట్టుకుని లాగింది. అది రాకపోతే నా పొట్ట మీదికి ఎక్కి, రెండు చేతులూ కట్టులోకి దూర్చి, ముఖం నా రొమ్ముకు ఆనించి నవ్వింది. దాని ఊపిరి నా చర్మానికి తగులుతోంది. నేను కదల్లేదు. కదిలితే పోతుందేమోనని భయం. పాలు చేపుకొస్తాయేమోనని చూశాను. ఊళ్లోవాళ్ల బిడ్డలు ఎవరేడ్చినా పొంగిన రొమ్ములు అవి. చాలాసేపు చూశాను. కట్టు పొడిగానే ఉంది.