నీళ్ళు లేని వంతెనల ఊరు

అమెరికాలో, ఫ్రీమాంట్‌లో రైలెక్కాం, నేనూ మనవరాలు శ్రేయా. ఎదుటి సీటులో ఒక జపాన్ పెద్దాయన కాగితం మీద గీతలు గీస్తున్నాడు. నాకు ఇంగ్లీషు రాదు, అవేమిటో అడగమని శ్రేయతో అన్నాను.

ఒసాకా అట, ఆయన పిల్లవాడిగా వదిలి వచ్చిన ఊరు. ముందు కోట గీశాడు. తర్వాత వర్తకులు తవ్వించిన కాలువలు, వాటి మీద వాళ్ళే కట్టించుకున్న వంతెనలు. ఇప్పుడు చాలా కాలువలు పూడ్చి రోడ్లు వేశారట. వంతెనలు పోయినా వాటి పేర్లు పేటలకు, స్టేషన్లకు ఉండిపోయాయట.

"నీళ్ళే లేనప్పుడు వంతెన పేరు దేనికి? మార్చుకోవచ్చుగా!" అన్నాను.

"అమ్మమ్మా, దటీజ్ రూడ్!" అంటూనే శ్రేయ ఆ మాట ఆయన్ని ఇంగ్లీషులో అడిగింది.

ఆయన నవ్వలేదు. చిన్నప్పుడు కాలువ వెంట నడిస్తే ఇల్లు వచ్చేదన్నాడు. మంచం పట్టిన అక్క ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. వచ్చే వారం చూడబోతున్నాడు. ఫోన్‌లో మ్యాప్ చూస్తే తన ఊరిలా లేదట, దారి తప్పుతానని భయమట.

నా నోటి దురుసుకు సిగ్గేసింది. "నేను అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు ఏ బోర్డూ చదవకుండానే ఊళ్ళు తిరిగాను. వంతెన పేరు చెప్పి అడగండి. ఎవరో ఒకరు ఇంటిదాకా దిగబెడతారు. అడగడానికి మొహమాటపడకండి" అని శ్రేయ చేత చెప్పించాను.

ఆయన తల వంచి విన్నాడు. తన స్టేషన్‌లో దిగాక, ఎదురుగా పెద్ద బోర్డు ఉన్నా, ఒక అమ్మాయిని ఆపి బయటికి దారి అడిగాడు. అడిగి, మా కిటికీ వైపు తిరిగి నవ్వాడు.