ఎడమవైపు దూకే మా బావ

మా బావకు ఒక్కటే జబ్బు. ఎదుటివాడు బంతిని తన్నకముందే ఎడమవైపు దూకేస్తాడు. బంతి తాపీగా కుడివైపు వెళ్లిపోతుంది. ఈయన బోర్లా పడి "అయ్యో, మళ్లీ మోసపోయానే!" అని నెత్తి కొట్టుకుంటాడు.

ఇదేదో మైదానంలో జరిగితే ఎవరూ పట్టించుకోరు. జరిగేది టీవీ స్టూడియోలో, ప్రత్యక్ష ప్రసారంలో! పాతకాలపు ఫుట్‌బాల్ ఆటగాళ్లను పిలిచి మాట్లాడించే కార్యక్రమం ఆయనది. పేరు 'పాత బూట్లు'. కెమెరా నాది. కబుర్లయ్యాక ఆఫీసు గదిలోంచి కింద చక్రాలున్న కుర్చీలు రెండు దొర్లించుకొచ్చి, ఇదే గోల్ అంటాడు. వచ్చిన అతిథి ఒక్క తన్ను తన్నాల్సిందే. మోకాలి చిప్ప మార్పించుకున్నవాడికైనా మినహాయింపు లేదు.

"కాలు లేవదు బాబూ" అన్నాడొక పెద్దాయన.

"లేపకండి, ఊరికే ఆనించండి. ఎలాగూ నేను ఆపలేను లెండి."

ఆపలేకపోయాడు కూడా. ఆ బంతి కుర్చీలు దాటేలోపు నేను కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాను.

తన కాలంలో తానూ గోల్‌కీపర్‌నే అంటాడు. మా అక్క నమ్మదు. "మోచేతులకు మందు రాయలేక చస్తున్నాను. ఒక్కసారి కుడివైపు దూకి చావొచ్చుగా!" అంటుంది.

"అలవాటైపోయిందే."

గోల్ కొట్టిన క్షణంలో అతిథికి ఫొటో తీయడం నా పని. రెండు చేతులూ పైకెత్తి, నోరంతా తెరిచి నవ్వుతూ ఆయన. వెనకాల మా బావ అరికాళ్లు. చిక్కేమిటంటే, ఆ ఆటగాళ్లలో ఎవరు పోయినా ఇంట్లోవాళ్లు పేపరుకు ఆ ఫొటోయే ఇస్తారు. నాన్న ఇంత బాగా నవ్విన ఫొటో ఇంకోటి లేదంటారు. పోయింది ఆ కింద పడ్డాయనే అనుకుని ఒకావిడ మా అక్కకు ఫోన్ చేసి భోరుమంది. మా అక్క ఆవిణ్ణి ఓదార్చి పెట్టేసింది.

అలా పోయిన అతిథులను ఏడాదికోసారి తలుచుకునే కార్యక్రమం ఒకటుంది. ఈ ఏడు దానికి ముందే కొత్త మేనేజరు దిగాడు.

"ఇది సంస్మరణా, సర్కసా? ఈసారి స్టూడియోలో బంతి కనిపించిందో, కార్యక్రమం మూసేస్తాను."

"అలాగేనండి" అన్నాడు మా బావ వినయంగా, బంతి మీద కూర్చుని.

సంస్మరణ రోజు అతిథి ఒకప్పుడు జట్టుకు గోల్స్ కొట్టిపెట్టిన సెంటర్ ఫార్వర్డ్. ఫైనల్లో, ఆఖరి నిమిషంలో పెనాల్టీ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత బంతి జోలికే పోలేదు. మా బావ ఏటా పిలవడం, ఆయన ఏటా కాదనడం. ఈసారి కూతురు బతిమాలి తీసుకొచ్చింది.

"మనవడితో కూడా ఆడరండీ. బంతి కనిపిస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. ఎలాగైనా ఒక్క తన్ను తన్నించండి" అంది మా బావ చెవిలో.

మా బావ అద్దాల గదిలో ఉన్న మేనేజరు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"ఒరేయ్ బామ్మర్దీ, కుర్చీలు దొర్లించు."

"కార్యక్రమం పోతుంది బావా!"

"పోతే పోయింది. దొర్లించు."

గోడ మీద పోయినవాళ్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. పెద్దాయన ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు.

"మావాళ్లందరి వెనకా పడి ఉన్నది ఎవడు?"

"నేనేనన్నా."

పెద్దాయన కిసుక్కున నవ్వి, వణుకుతున్న కాలితో బంతిని తన్నాడు. మా బావ షరా మామూలుగా ఎడమవైపు దూకాడు. కొంప మునిగింది! బంతి కూడా అటే బయల్దేరింది. అదైనా సరిగ్గా కాదు, కుర్చీ అవతలికి పోతోంది. మా బావ పడ్డవాడు పడ్డట్టే చెయ్యి చాచి, కుర్చీ కాలు పట్టుకుని ఒక్క లాగు లాగాడు. కుర్చీ గోడదాకా దొర్లింది. బంతి దానికి ఇవతలి నుంచి దర్జాగా లోపలికి పోయింది.

"గోల్!" అని నేలమీంచే అరిచాడు.

మేనేజరు గదిలోంచి దూసుకొచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు. "అది గోల్ కాదు! కుర్చీ కదిలింది! నా కళ్లతో చూశాను!"

"మీరేమైనా రిఫరీయా?" అంది కూతురు.

"కాదు, మేనేజర్ని!"

"అయితే ఆటలో మేనేజర్లలాగే గీత బయట నిలబడండి."

ఊరంతా చూస్తోందని అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, అందరూ గోలే అంటున్నారు. ఏం చేస్తాడు పాపం! "వచ్చేవారం నుంచి ఆ కుర్చీలను తాళ్లతో కట్టండి" అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

పెద్దాయన చెయ్యి అందించి మా బావను లేపాడు.

"అది సరేగానీ, ఫైనల్లో నా పెనాల్టీ ఆపావే, ఆ రోజేమైందిరా ఈ తెలివి?"

ఆ పెనాల్టీ ఆపిన గోల్‌కీపర్ మా బావా! ఒక్కణ్ణి ఆపిన పాపానికి ఇంతమంది ముందు ఇన్నేళ్లుగా కావాలని బోర్లా పడుతున్నాడా! ఆ క్షణంలో మా బావ మీద నాకు పుట్టుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు.

మా బావ తల గోక్కున్నాడు.

"ఆ రోజు గోల్ స్తంభాలు నేలలో పాతేశారన్నా. లాగి చూశాను, రాలేదు."

పెద్దాయన పడీపడీ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, కూతురు వైపు తిరిగాడు.

"ఇంటికి ఫోన్ చెయ్యమ్మా. మనవణ్ణి బూట్లు తొడుక్కుని ఉండమను."