ఆ ఫోనులో నాకు తెలుగు రాదు

హిందీ రాష్ట్రంలో ఉన్న మా గనుల టౌన్‌షిప్‌లో కంప్యూటర్ విభాగం హెల్ప్‌డెస్క్ నాది. ఎవరు పాస్‌వర్డ్ మరిచిపోయినా, ఎవరి అకౌంట్ లాక్ అయినా నాకే ఫోను. నోటి దురుసుదాన్నని పేరు కూడా నాదే. దొంగ మెయిల్‌లో లింకు నొక్కి వచ్చినవాళ్ళని, "కళ్ళు నెత్తికెక్కాయా సార్?" అని మొహాన్నే అడిగేదాన్ని. ఎథికల్ హ్యాకింగ్ శిక్షణ తీసుకుని వచ్చాక ఇంకా పొగరెక్కింది. దాడి ఎన్ని రకాలుగా వస్తుందో, దేన్ని చూసి గుర్తుపట్టాలో ఒక చార్టు రాసి నా బల్ల వెనక గోడకి అంటించాను.

ఆ ఏడు ఆఫీసువాళ్ళు బయటి నిపుణులని పిలిపించి, దొంగల్లా ప్రయత్నించి మమ్మల్ని పరీక్షించమన్నారు. మాకు చెప్పలేదు. జీతాల విభాగం పేరుతో ఒక మెయిల్ వచ్చింది. పంపినవాళ్ళ అడ్రసులో ఒక అక్షరం తేడా చూసి పట్టేశాను. క్యాంటీన్‌లో ఎవరో పారేసుకున్నట్టు పెన్‌డ్రైవ్ దొరికింది. దాన్ని కంప్యూటర్‌కి పెట్టకుండా కవర్లో వేసి పై అధికారికి పంపాను.

మూడోది ఫోను. "అక్కా, మాది భేజ్జి. మా ఇన్‌ఛార్జి ఒకటే తిట్టుడు తిడుతున్నడు. నా పాస్‌వర్డ్ జెర మార్చరాదూ" అన్నాడు అవతలి అబ్బాయి.

రోజంతా హిందీలో మాట్లాడి మాట్లాడి నోరు వాచిపోయిన మనిషిని. మా అమ్మమ్మ ఊరి వైపు తెలుగు చెవిన పడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఐడీ కార్డు నంబరు అడగాలి, అడగలేదు. ఫోను పెట్టేసి, రిజిస్టరైన నంబరుకి నేనే తిరిగి చేయాలి, చేయలేదు. కొత్త పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చెప్పాను. "నీ కడుపు చల్లగుండ అక్కా!" అన్నాడు.

ఆ అబ్బాయి ఆ నిపుణుల మనిషే. తర్వాత మీటింగ్‌లో ఆ కాల్ రికార్డింగ్ అందరికీ వినిపించారు. "మేడమ్‌గారి తాళం తెలుగులో తెరుచుకుంటుంది" అన్నాడు మా అధికారి హిందీలో. హాలంతా నవ్వు. నేను మొహాన్నే కడిగేసినవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. ఇంటికి వచ్చి అన్నం కూడా తినలేకపోయాను. ఇక మీదట ఆ బల్ల దగ్గర కూర్చున్నంతసేపు నేను తెలుగుదాన్నే కాదనుకున్నాను.

ఆ కోపం ఆరకముందే, ఒక పొద్దున ఇంకో ఫోను వచ్చింది. ఈసారి ఆడమనిషి.

"అక్కా, నేను ఎర్రబోరు నుంచి మాట్లాడుతున్న. మా ఆయన మీ గనిలనే చేస్తడు. ఫోన్ ఎత్తుతలేడు. మా మామ మనిషి దక్కేటట్టు లేడు, కొడుకునే కలవరిస్తున్నడు. ఏ షిఫ్టుల ఉన్నడో చెప్పి, జెర కబురు పెట్టక్కా."

పేలుళ్ళు జరిగే చోటికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, గేటు దగ్గరే పెట్టి వెళ్ళాలి. అందుకే ఎత్తడం లేదని నాకు తెలుసు. కానీ నా మనసు మాత్రం గోడ మీది చార్టు చదువుతోంది. తొందర పెట్టడం, జాలి పుట్టించడం, సొంత మనిషిలా వరస కలపడం, ఉద్యోగి వివరాలు అడగడం. అన్నీ ఉన్నాయి. మళ్ళీ వచ్చావా తల్లీ, అనుకున్నాను.

"తెలుగు నహీ ఆతా" అన్నాను.

ఆమె వచ్చీరాని హిందీలో మొదలుపెట్టింది. "ససుర్... ససుర్ బీమార్..." అని, మిగతా మాటలు దొరక్క అక్కడే తచ్చాడింది. నేను సాయం చేయలేదు. పక్కనెవరో, "ఆమెకు తెలుగు రాదంటున్నది గదా, పెట్టెయ్ పిల్లా" అనడం స్పష్టంగా వినిపించింది. ఫోను పెట్టేశారు.

"ఈసారి నేను దొరకలేదు చూడు!" అన్నాను పక్క సీటు ఆవిడతో. వెంటనే అధికారికి రిపోర్టు కూడా పంపాను. ఆయన శభాష్ అన్నాడు. ఆ శభాష్ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. సాయంత్రానికి ఆయనే మళ్ళీ ఫోను చేసి, ఈ కాల్ తమది కాదని ఆ నిపుణులు చెప్పారన్నాడు. అప్పుడైనా ఎర్రబోరు మనిషి ఎవరో చూసి కబురు పెట్టమని షిఫ్టు ఆఫీసుకి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. మరెవరో అసలు దొంగ అయి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి గుండు చేయించుకున్న ఒక కార్మికుడు నా బల్ల ముందుకు వచ్చాడు. చెప్పకుండా డ్యూటీ మానేసినందుకు అకౌంట్ లాక్ అయింది. కార్డు చూస్తే ఊరు ఎర్రబోరు. కారణం నేను అడగలేదు. ఆయనే చెప్పాడు, నాతో హిందీలో.

"షిఫ్ట్ దిగి ఫోన్ చూసుకున్నాక తెలిసింది మేడమ్‌జీ. దొరికిన బస్సెక్కి పోయాను. అప్పటికే నాన్న పోయాడు. ఆఖరి దాకా గుమ్మం వైపే చూశాడట."

అయ్యో అన్న మాట గొంతులోకి తెలుగులోనే వచ్చింది. దాన్ని మింగేశాను. తెలుగులో నోరు తెరిస్తే, తెలుగు రాదని ఆ ఫోనులో అబద్ధమాడింది నేనేనని తెలిసిపోతుంది.

"తప్పు మావాళ్ళదేలెండి," అన్నాడు ఆయన. పైగా నన్నే ఓదారుస్తున్నట్టు మెల్లగా అన్నాడు. "మా ఆవిడ ఇక్కడికి ఫోన్ చేసిందట. ఇక్కడెవరికీ తెలుగు రాదన్నారట. దానికి హిందీ సరిగ్గా రాదు, విషయం చెప్పలేకపోయింది. నాలుగు హిందీ ముక్కలు కూడా రావా నీకు అని మా అమ్మ, నేను అందరి ముందూ బాగా తిట్టాం. ఆ రోజు నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. మామ నా వల్లే కొడుకుని చూడలేదని ఒకటే ఏడుపు."

ఇద్దరి మధ్య ఆ బల్ల ఒక్కటే. ఆమె తప్పేం లేదయ్యా అని ఒక్క ముక్క, మన మాటలో అంటే చాలు. ఆ ఇంట్లో ఒక ఆడమనిషి మీద పడ్డ నింద పోయేది. ఆయన ఎదురుగా నిలబడే ఉన్నాడు, నాకు కావలసినంత సమయమూ ఉంది.

అకౌంట్ తెరిచి, కొత్త పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాను. ఎవరికీ చెప్పొద్దన్నాను, హిందీలో.