మడుగు విడిచిన నీటికుక్కలు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం చివర, నన్ను దేవరకొండ దిగువన కృష్ణా నీళ్లలో నీటికుక్కల అధ్యయనానికి పంపారు. హోదా సీనియర్ ఫీల్డ్ బయాలజిస్టు. జంతువు ఉండే చోటికే వెళ్లి, అది ఏం చేస్తోందో చూసి రాసే ఉద్యోగం. మా పరిశోధన సంస్థ హైదరాబాదులో ఉండేది. ఈ పనికి నిధులు ఒక ప్రైవేటు ట్రస్టు ఇచ్చింది. పదవీ విరమణకు ముందు నేను చేసిన చివరి పెద్ద పని అదే.

అంతకుముందు చాలా ఏళ్లు ఒడిశాలో, చిలికా సరస్సు మీద డాల్ఫిన్లను గమనించాను. జడ్చర్లలో పుట్టి, చదువు అయ్యేదాకా సముద్రం చూడని నాకు డాల్ఫిన్లతో ఏం పని అని మా నాయిన చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. డాల్ఫిన్‌ను వీపు మీది రెక్క అంచున ఉండే గాట్లను బట్టి గుర్తుపడతాం. నీటికుక్కకు అలాంటి రెక్క లేదు కనుక గొంతు కింది మచ్చలు, చెవుల మీది గాయాలు చూసుకోవాలి. మిగతా పద్ధతి రెండింటికీ ఒకటే. ఒక గుంపును ఎంచుకుంటాం. కొద్ది నిమిషాలకోసారి, ఆ గుంపులో ఒక్కొక్కటి ఆ క్షణంలో ఏం చేస్తోందో రాస్తాం. వేట, ఈత, ఆట, విశ్రాంతి. కోపంగా ఉంది, సంతోషంగా ఉంది అనే మాటలు రాయకూడదు. అవి మనవి, జంతువువి కావు.

వాగు వచ్చి కృష్ణలో కలిసే చోట ఒక మడుగు ఉంది. దాని పక్కన బండల సందులో నీటికుక్కల బొరియ. ఎదురుగా ఉన్న గుట్ట మీద, గాలి నా వైపు వీచే చోటు చూసుకుని కూర్చునేదాన్ని. మన వాసన వాటికి తగిలితే ఆ రోజు పని ముగిసినట్టే.

అక్కడికి నన్ను తన పుట్టిలో, గుండ్రటి బుట్ట పడవలో, తీసుకెళ్లినవాడు మల్లయ్య. వాళ్లది గొర్రెల కుటుంబం. మేత భూమి డ్యాం నీళ్లలో మునిగాక వాళ్ల నాయిన చేపల వేటకు దిగాడట. ఆ మడుగే మల్లయ్యకు బతుకుదెరువు. నీటికుక్కలంటే అతనికి పడేది కాదు. అవి వల కొరికి చేపలను లాక్కుపోయేవి.

మొదటి రోజే అడిగాడు. "మేడం, గీ దొంగలను సూడనీకి పట్నం నుంచి అచ్చినవా? వీటికేమన్న సదువు సెప్తవా?"

"చెప్పనన్నా. ఇవేం చేస్తయో నేనే నేర్సుకుంట" అన్నాను.

"నేర్సుకునుడెందుకు? వల సింపుతయి. గంతే."

ఆ చలికాలం నేను చూసినవాటిని ఇప్పటికీ మరవలేదు. పెద్దవి వరుసగా నీళ్లలో విచ్చుకుని, చేపలను లోతు నుంచి ఒడ్డు వైపు తరిమేవి. చివర్లలో ఉన్నవి ముందుకు వంగి దారి మూసేవి. చిలికాలో డాల్ఫిన్లు కూడా ఇలాగే చేపలను ఒక పక్కకు తోయడం చూశాను. బొత్తిగా సంబంధం లేని రెండు జంతువులు ఒకే ఉపాయానికి రావడం మా రంగంలో చాలా పెద్ద విషయం. అప్పుడే తల్లి మూడు పిల్లలను బయటికి తెచ్చింది. ఎడమ చెవి చీలి ఉండేది కనుక దాన్ని ఎంత దూరం నుంచైనా పోల్చుకునేదాన్ని. పిల్లలకు నీళ్లంటే భయం. అది వాటిని మెడ పట్టి నీళ్లలో వదిలేది. అవి అరుస్తూ ఒడ్డెక్కేవి. మళ్లీ వదిలేది.

చిక్కల్లా మల్లయ్య వలలతోనే. ఈత రాని పిల్ల వలలో చుట్టుకుంటే పైకి రాలేదు. పిల్లలు ఎదిగేదాకా మడుగులో వల వేయొద్దని అతన్ని అడిగాను.

"నువ్వు జెప్తే సరిపోతదా? రేపు ఇంకొకడొచ్చి వలేస్తే?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. మా డైరెక్టరును పిలిపించాను. ఆయన ఒడ్డు మీద నిలబడి, ఈ మడుగులోకి ఎవరి పడవా రాదని, అది తన పూచీ అని అందరి ముందూ చెప్పారు. మల్లయ్య వలలు తీసేశాడు. ఆ కాలమంతా చాలా దూరం పోయి, కొత్త నీళ్లలో, దొరికినదాంతో సరిపెట్టుకున్నాడు. అతని భార్య అంజమ్మ నన్ను చూసినప్పుడల్లా, "నీ కుక్కలు బాగున్నయా అక్కా? మా ఇంట్ల పొయ్యే సల్లగైంది" అనేది. నవ్వుతూనే అనేది.

చలి తగ్గుతుండగా ట్రస్టువాళ్లు చూడటానికి వచ్చారు. గుట్ట మీద నుంచి బైనాక్యులర్లలో పిల్లలను చూసి మురిసిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజులకే డైరెక్టరు ఫోన్ చేశారు. ట్రస్టు డబ్బుతో మడుగు అంచున బోటింగ్ పాయింట్ పెడుతున్నామని, నీటికుక్కలను జనానికి దగ్గర నుంచి చూపిస్తామని చెప్పారు.

నేను హైదరాబాదు వెళ్లి ఆయన ఎదుట కూర్చున్నాను. పడవలు మూగితే డాల్ఫిన్లు ఎక్కువసేపు నీటి అడుగునే ఉండిపోవడం, వేట మానేయడం చిలికాలో నా కళ్లతో చూశానని చెప్పాను. పిల్లలున్న నీటికుక్క ఇంకా ఓర్చుకోదని, కనీసం వానలు వచ్చేదాకా ఆగమని అడిగాను.

"జనం చూడని జంతువును ఎవరూ కాపాడరమ్మా" అన్నారాయన. "నిధులు లేకపోతే మీ అధ్యయనమే ఉండదు. అది కూడా ఆలోచించండి."

"మల్లయ్యకు మాటిచ్చారు కదా సర్?"

"అతనికి వేరే ఏర్పాటు చూద్దాం."

ఏ ఏర్పాటూ చూడలేదు. మోటారు పడవలు వచ్చాయి. అంతకుముందు లేని కాపలావాడు వచ్చి, పర్యాటకులకు అడ్డమని మల్లయ్య పుట్టిని మడుగు దరిదాపుల్లోకి రానివ్వలేదు.

పడవలు తిరగడం మొదలైన కొద్ది రోజులకే, ఒక ఉదయం తల్లి ఒక పిల్లను మెడ పట్టుకుని బొరియలో నుంచి బయటికి వచ్చింది. పిల్లలను వేరే చోటికి మార్చడం మొదలైందని నాకు తెలిసింది. మధ్యలో దాచుకునే చోటు లేని వెడల్పాటి నీళ్లు దాటి అవతలి ఒడ్డు, నల్లమల వైపు ఈదుతోంది. పడవలోవాళ్లు చూశారు. ఫోన్లు ఎత్తారు. పడవ దాని వెంట తిరిగింది. గుట్ట మీద నుంచి చేతులూపి అరిచాను. మోటారు చప్పుడులో నా గొంతు వాళ్లకు వినబడలేదు. పడవ దగ్గరైనకొద్దీ తల్లి పిల్లతో సహా మునిగేది. తేలేది. మళ్లీ మునిగేది. పెద్దది అంతసేపు ఊపిరి బిగపట్టగలదు. పిల్ల పట్టలేదు.

సాయంత్రం పడవలు వెళ్లిపోయాక పిల్ల శవం వాగు మూలకు కొట్టుకొచ్చింది. మర్నాటికి బొరియ ఖాళీగా ఉంది, మిగిలిన రెండు పిల్లలతో సహా గుంపును మళ్లీ చూడలేదు. అవతలి ఒడ్డంతా వెతికాను. తడి ఇసుకలో ఒకచోట అడుగుజాడలు కనిపించాయి. ఆ తర్వాత అవి కూడా లేవు.

ఆ మర్నాడే, చనిపోయిన పిల్లను ఇసుకలో పూడుస్తుంటే మల్లయ్య ఒడ్డు వెంట నడిచి వచ్చాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

"నా వలల పడి సచ్చినా ఒకటి సచ్చేది మేడం. మిగిలినయి ఈడనే ఉంటుండె. నేను గూడ ఈడనే ఉంటుంటి. నీ మాట ఇని వల దీసిన. ఇప్పుడు గవీ లేవు, నాకు జాగా లేదు. మరి బాగుపడ్డదెవరు?"

గుంపు ఎందుకు పోయిందన్నదానికి డైరెక్టరుకు ఒక జవాబు దొరికింది. గుంపు సహజంగానే వలస వెళ్లిందని రాయమన్నారు. నేను చూసింది చూసినట్టే రాశాను. అచ్చయిన నివేదికలో ఆ భాగం లేదు. వేట తీరు మీద నేను రాసిన అధ్యాయం మాత్రం మంచి కాగితం మీద, రంగుల ఫొటోలతో వచ్చింది. దానికి మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి. మల్లయ్య కుటుంబం జడ్చర్ల వెళ్లి ఏదో మందుల ఫ్యాక్టరీలో కూలికి కుదిరిందని తర్వాత తెలిసింది. బోటింగ్ రెండో వేసవికి మూతపడింది. చూపించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. జంతువు ఎక్కడుందో కనిపెట్టడం మన పని. ఆ చోటు ఏం కావాలో నిర్ణయించేది మరొకరు, వాళ్లకు ఆ జంతువు అక్కర్లేకపోవచ్చు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం బొరియలు ఎక్కడున్నాయో ఏ నివేదికలోనూ రాయలేదు. వల తీయమని ఏ జాలరినీ అడగలేదు.