చెప్పానా, చెప్పలేదా?

మా బెఖోర్ బాబాయ్‌కి ఈ లోకంలో ఒకే ఒక్క అనుమానం: పొద్దున లేచాక, మా ధర్మగ్రంథం తోరాలో ఒక్క ముక్కయినా నోట పలికే ముందు చెప్పాల్సిన స్తుతి తను చెప్పాడా, లేదా? దేవుడి మీద అనుమానం లేదు. భార్య మీద లేదు. తను బాగుచేసిన కిరసనాయిలు స్టవ్వుల మీద అసలే లేదు. ఇదొక్కటే. చెప్పకుండా చదివితే తప్పు. చెప్పింది మళ్ళీ చెబితే దేవుడి పేరు ఊరికే పలికిన తప్పు. ఈ రెండింటి మధ్య ఆయన నలభై ఏళ్ళు రోజూ నలిగాడు.

దీనికి మందు లేకపోలేదు. ఇంకా స్తుతి చెప్పని మనిషిని పట్టుకుని, "నీదీ నాదీ కలిపి చెప్పు నాయనా" అని బతిమాలి, అతను చెబుతుంటే విని ఆమేన్ అంటే చాలు. అందుకని తెల్లారేసరికి బాబాయ్ మా యెరూషలేం బజారు వెనక సందుల్లో మనిషి కోసం వేటకు బయల్దేరేవాడు. ఆయన టోపీ కనబడితే జనం సందు మారేవారు.

"ఏమయ్యా, స్తుతి చెప్పేసుకున్నావా?"

"చెప్పేసుకున్నా బాబాయ్."

"గుర్తుందా, చెప్పినట్టు?"

"ఇందాకటిదాకా గుర్తుంది. నువ్వడిగాక నాకూ డౌటొస్తోంది. నన్నొదిలెయ్, నీకు పుణ్యముంటుంది!"

ఇంట్లో ఎస్త్రేయా పిన్ని మొగుడికంటే ముందే లేచి, ఆయన చేతికి చిక్కకుండా తనది గబగబా ముగించేసేది.

"నువ్వు చెప్పావయ్యా. నా చెవులారా విన్నాను."

"మొత్తం విన్నావా?"

"మొత్తం విన్నా."

"అది నిన్నటిదేమో?"

"నిన్నటిది నిన్న విన్నాను!"

చివరికి విసిగిపోయి, స్తుతి చెప్పగానే కోటు గుండీకి దారం ముడి వేయమంది. రెండోరోజు బాబాయ్ ఆ గుండీ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "ఈ ముడి ఇవాళ్టిదేనంటావా?"

స్తుతి సంగతి తేలేదాకా తోరా మాట వినడానికి కూడా ఆయనకు హడలు. పిల్లల బడి ముందునుంచి వెళ్ళాల్సి వస్తే రెండు చెవుల్లో వేళ్ళు దూర్చుకుని పరుగు తీసేవాడు. ఒకసారి ఎవరో ఈ వారం ఏ అధ్యాయమని అడిగితే, నోటితో చెప్పకుండా కాగితం మీద రాసిచ్చాడు. నాలుగడుగులు వేశాక, రాయడం కూడా చదువు కిందికే వస్తుందేమోనని గుండె గుభేలుమంది. వెనక్కి పరిగెత్తి ఆ కాగితం లాక్కున్నాడు.

మా మందిరానికి గబ్బాయ్‌ని నేను. చుట్టగా ఉండే తోరా ప్రతి దగ్గరికి చదవడానికి ఎవరిని పిలవాలి, ఉదయం పాఠం ఎన్నింటికి మొదలవాలి, ఈ పెత్తనమంతా నాదే. ఆలస్యమంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఆ పాఠానికి వచ్చేవాళ్ళలో మెనాషే అని గోడలకు ప్లాస్టరింగ్ చేసే మనిషి ఉండేవాడు. ముప్పై నాలుగేళ్ళు, బంగారంలాంటివాడు, కానీ నత్తి. ఒంటరిగా ఉంటే గలగలా చదువుతాడు. ఎదుట ఒక్క మనిషి నిలబడితే మొదటి మాట దగ్గరే ఆగిపోతాడు. మా వాళ్ళలో పెళ్ళైన వారం శబ్బాత్ నాడు, అంటే శనివారం, పెళ్ళికొడుకుని తోరా దగ్గరికి పిలుస్తారు. పొద్దున్నే ఇంట్లో చెప్పుకునే ఆ స్తుతిలోని మాటలే అక్కడ, అత్తవారంతా చూస్తుండగా, గట్టిగా చెప్పాలి. ఆ ఒక్కరోజుకి భయపడి అతను రెండు సంబంధాలు వదులుకున్నాడు. మూడోది కుట్టుపని చేసే సుల్తానా. ఆ పిల్లంటే మెనాషేకి ప్రాణం. నిశ్చయమైంది, పెళ్ళికి ఏడాది గడువు పెట్టుకున్నారు. నెల తిరక్కుండానే నా దగ్గరికొచ్చాడు.

"నా... నావల్ల కాదు. వ... వద్దని చెప్పేస్తా."

"ఎవరికి? సుల్తానాకే?"

తల ఊపాడు. కళ్ళలో నీళ్ళు. ఆ సాయంత్రం స్టవ్వు పట్టుకుని బాబాయ్ కొట్టుకెళ్ళి ఈ కథంతా చెప్పాను. ఆయన బర్నర్‌లో పిన్ను గుచ్చుతూ అంతా విన్నాడు.

మర్నాడు మందిరం గుమ్మంలో బాబాయ్ మెనాషే చెయ్యి పట్టుకున్నాడు. "నాకు మళ్ళీ అనుమానం నాయనా. అందరూ ముందే చెప్పేసుకుని వస్తున్నారు. నువ్వింకా చెప్పుకోకపోతే నువ్వే దిక్కు."

మెనాషే బిక్కచచ్చిపోయాడు. అయినా, పెద్దాయన బతిమాలుతుంటే కాదనలేకపోయాడు. ఆ పూట పాఠం ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. నేను మండిపడ్డాను.

"ఊళ్ళో నోరున్నవాళ్ళే లేరా బాబాయ్? ఈ నత్తివాడే దొరికాడా?"

"మెల్లగా అనవయ్యా. వింటాడు," అన్నాడు బాబాయ్. నాకు సిగ్గేసింది, కానీ కోపం తగ్గలేదు.

అలా రోజూ. వానలో, చలిలో, గుమ్మం పక్కన ఇద్దరూ. బాబాయ్ తల వంచుకుని, కళ్ళు మూసుకుని ఉండేవాడు. ఒక్క మాట అందించేవాడు కాదు. నేనేమో గడియారం చూసుకుంటూ పళ్ళు కొరికేవాణ్ణి. పెళ్ళి సంగతి కదిపితే మెనాషే, "బా... బాబాయ్ పని కానీ, తర్వాత చూద్దాం" అనేవాడు. తను రాకపోతే ఆ ముసలాయన గతేమిటని అతని బెంగ.

పదకొండు నెలలు గడిచాయి. పెళ్ళైంది. శబ్బాత్ వచ్చింది.

ఆ ఉదయం ముందు వరసలో సుల్తానా మేనమామలు నలుగురు, నలుగురివీ గుబురు మీసాలు. నేను పేరు పిలిచాను. మెనాషే లేచి వచ్చి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒక మేనమామ దగ్గాడు. ఆడవాళ్ళ గదిలోంచి ఒక చెయ్యి జాలీని గట్టిగా పట్టుకుంది.

మెనాషే చుట్టూ చూశాడు. మూడో వరసలో బాబాయ్ లేచి నిలబడి ఉన్నాడు, తల వంచుకుని, కళ్ళు మూసుకుని, తొందరేమీ లేనట్టు.

మొదటి మాట వచ్చింది. రెండోదీ. మధ్యలో ఒకచోట ఆగింది, కానీ అతను కంగారుపడకుండా ఆగి, మళ్ళీ అందుకుని చివరిదాకా చెప్పాడు. అందరికంటే ముందు బాబాయ్ ఆమేన్ వినిపించింది. ఆడవాళ్ళు మిఠాయిలు విసిరారు. రెండు నా బట్టతలకే తగిలాయి.

బయటకొచ్చాక పిన్నితో అన్నాను, "బాబాయ్ అనుమానం మొత్తానికి ఒకరికి పనికొచ్చింది."

"ఏ అనుమానం? ఈ పదకొండు నెలలూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, స్తుతి చెప్పి, నాచేత 'విన్నాను' అనిపించుకునే ఇల్లు కదిలాడు. తనకి నిజంగానే ఆ స్తుతి అవసరముంటే తొందరపెడతానేమో, పిల్లాడు బెదురుతాడేమోనని."

నేను పాఠానికి ఆలస్యమని రోజూ తిట్టింది ఈ మనిషినా! మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెతికితే, బాబాయ్ మా గురువు రబ్బీ యోమ్ తోవ్ గారి ముందు చేతులు నలుపుకుంటూ కనబడ్డాడు.

"మందిరం గుమ్మంలో రోజూ అబద్ధమాడాను రబ్బీ. లేని అనుమానం ఉందన్నాను. నాకు గతేమిటి?"

రబ్బీ గడ్డం నిమురుకున్నారు. "అంటే ఈ పదకొండు నెలల్లో ఒక్క పూటా తప్పకుండా ఇంట్లో స్తుతి చెప్పాకే వచ్చావు. ప్రమాణం చేస్తావా?"

పిన్ని ఏదో అనబోయింది. రబ్బీ చేత్తో ఆపారు.

బాబాయ్ వేళ్ళ మీద ఏవో వారాలు లెక్కపెట్టాడు. మొహం పాలిపోయింది.

"ప్రమాణమంటే... పస్కా పండగ ముందు ఒక మంగళవారం చెప్పానో, లేదో..."

"మరింకేం, అబద్ధమాడలేదు," అన్నారు రబ్బీ. "వెళ్ళి భోంచెయ్యి."