చైన్‌కు కట్టిన నల్ల ఉన్ని పోగు

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్‌లో పదకొండేళ్లు పనిచేశాను. షెడ్డు వెనక ఎవరో నడుస్తున్నారని ఒకరు, ఆపేసిన మిషన్ దానంతటదే తిరిగిందని ఇంకొకరు చెప్పేవాళ్లు. వెళ్లి చూస్తే అక్కడ ఒక కుక్కో, ఊడిన వైరో ఉండేది. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, వెతకడానికి ఓపిక కావాలి అని నా నమ్మకం. ఇప్పటికీ చాలావరకు అలాగే అనుకుంటాను. ఒక్క విషయంలో మాత్రం వెతికి వెతికి అలసిపోయాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

రాతి దుమ్ము పడక ఆ పని మానేసి, వికారాబాద్‌లో బస్టాండుకు పోయే దారిలో ఒక షట్టర్ అద్దెకు తీసుకున్నాను. చెట్లు కోసే మిషన్ల చైన్లకు పదును పెట్టడం నా పని. ఒక బల్ల, చైన్ కదలకుండా బిగించే ఒక పట్టుడు కర్ర, గుండ్రటి ఆకురాళ్లు నాలుగు, ఒక చిన్న గ్రైండింగ్ మిషన్. అంతే దుకాణం. ధారూర్, పూడూరు వైపు నుంచి చెట్లు కోసేవాళ్లు వస్తారు. కొడంగల్ వాళ్లు కొందరు బస్సు డ్రైవర్ చేతికిచ్చి చైన్లు పంపిస్తారు.

తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. ఆ చైన్ పళ్లు మొద్దుబారితే మనిషి అలసిపోతాడు, అంతే. కానీ లింకు పగిలితే ప్రమాదం. మిషన్ పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు చైన్ తెగితే అది కొరడాలా వెనక్కి, పట్టుకున్న మనిషి మీదికే వస్తుంది. తాండూరు దగ్గర ఒకాయనకు అలాగే తగిలి చెంప చీలిపోయింది. ఆయన్ను నేను చూశాను. అందుకే పదును పెట్టడంతో పాటు ప్రతి లింకూ చూడటం కూడా నా పనే.

నా మొదటి గిరాకీల్లో పెంటయ్యన్న ఒకడు. ధారూర్ దగ్గర పల్లె. గొర్లు కాసే ఇంట్లో పుట్టాడు. మేపే బీళ్లు ప్లాట్లు అయిపోయాక మంద అమ్మేసి, కోత మిషన్ కొనుక్కున్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు. ఎండాకాలంలో కూడా నల్ల గొంగడి మడిచి బండి సీటు మీద వేసుకునేవాడు.

మిగతావాళ్లలా చైన్ పడేసి పోయే రకం కాదు. నేను పని చేస్తున్నంతసేపూ ఎదురుగా స్టూల్ మీద కూర్చునేవాడు. ప్రతి లింకూ ఆయన కళ్ల ముందు నుంచి పోవాల్సిందే.

"జర ఆగు తమ్మీ. గా లింకు మల్లొకసారి చూడు."

"చూసినన్నా, మంచిగనే ఉంది."

"నువ్వు చూసినవ్. నేను చూడలే గదా."

నాకు విసుగొచ్చేది. కానీ ఆయన వేలు పెట్టి చూపించిన చోట ఏదో ఒకటి ఉండేది. సన్నటి గీత, వదులైన రివిట్. ఇంటి దగ్గరే చూసుకుని వస్తాడని తెలుసు గానీ, ఎలా చూస్తాడో నేనెప్పుడూ అడగలేదు.

కిందటేడు ఎండాకాలంలో, పని మధ్యలో నీళ్లు తాగుతానని నీడన కూర్చుని పెంటయ్యన్న అక్కడే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. మట్టికి నేను కూడా వెళ్లాను. గుంతలో దించేటప్పుడు ఆయన భార్య అనంతమ్మ ఆ గొంగడి తెచ్చి మీద కప్పించింది. ఇది విన్న మాట కాదు, దగ్గర నిలబడి చూశాను.

ఆ తర్వాత మిషన్ ఆయన తమ్ముడు మల్లేశం తీసుకున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, బాగా కష్టపడతాడు గానీ తొందర మనిషి. చైన్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఎదురుగా కూర్చుని ఆగు, చూడు అనేవాళ్లు లేకపోయేసరికి నేనూ కొంచెం వదులయ్యాను. ఒప్పుకోవాలి కదా. దగ్గరి చూపు మందగించిందని నాకు తెలుసు. కళ్లద్దాలు తెచ్చుకోమని నా భార్య చాలాసార్లు చెప్పింది. రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాను. పళ్లను చూపుతో కంటే చేతి అలవాటుతోనే రుద్దేవాణ్ణి.

ఆ ఏడు చలికాలం. ఉదయం పదిగంటలప్పుడు మల్లేశం చైన్ తెచ్చాడు. పూడూరు దగ్గర ఒక ఎండిపోయిన చింతచెట్టు రెండు గదుల ఇంటి మీదికి వంగి ఉందట. కింది నుంచి కోస్తే ఇంటి మీద పడుతుంది. పైకెక్కి కొమ్మ కొమ్మగా కోయాలి.

"పన్నెండింటికి వస్త అన్నా. జర మంచి పదును పెట్టు, ఎండిన చింత రాయి లెక్కుంటది" అని వెళ్లిపోయాడు.

నేను ఏం చేశానో వరసగా చెబుతాను. చైన్‌ను కిరోసిన్‌లో నానబెట్టాను. ఇనుప బ్రష్‌తో జిగురు, రంపపు పొట్టు అంతా కడిగాను. పట్టుడు కర్రకు బిగించి, ఎడమ పళ్లు ఒక వరస, కుడి పళ్లు ఒక వరస, ఒక్కోదాన్ని మూడేసి సార్లు ఆకురాయితో రుద్దాను. అంటే ప్రతి లింకూ రెండు మూడుసార్లు నా వేళ్ల మధ్య నుంచి పోయింది. చివర నూనెలో ముంచి, కారేందుకు గోడ మేకుకు తగిలించాను.

తర్వాత రోడ్డు దాటి చాయ్ తాగడానికి వెళ్లాను. పది నిమిషాలు కూడా కాలేదు. షట్టర్ తెరిచే ఉంది. ఎప్పుడూ అంతే.

నేను తిరిగొచ్చేసరికి మల్లేశం బండి ఇంజిన్ ఆపకుండానే బయట నిలబడి ఉన్నాడు. మేకు మీది నుంచి చైన్ తీసి ఇవ్వబోయాను. వేలికి ఏదో మెత్తగా తగిలింది.

తుడిచే గుడ్డ పీలిక అనుకున్నాను. లాగితే రాలేదు. వెలుతురులోకి తెచ్చి చూస్తే నల్లటి ఉన్ని పోగు. ఒక లింకు చుట్టూ రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి, ముడి వేసి ఉంది.

తెంపుదామని గుమ్మం దగ్గర ఎండలో పట్టుకున్నాను. అప్పుడు కనబడింది. పోగు పక్కనే, రివిట్ దగ్గర నుంచి వెంట్రుకంత గీత. రెండు వేళ్లతో కొంచెం వంచాను. టిక్కుమని ఆ పక్క ముక్క విరిగి నా అరచేతిలో పడింది.

ఆ చైన్‌ను నేను బాగుందని ఇవ్వబోయాను. అది వేసుకుని మల్లేశం చెట్టెక్కేవాడు. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, ఎండిన చింత మీద మిషన్ పెట్టేవాడు.

"గీ పోగు నువ్వు కట్టినవా?" అని అడిగాను.

మల్లేశం బండి ఆపేసి లోపలికొచ్చాడు. విరిగిన ముక్క చూశాడు, పోగు చూశాడు. "నేను కట్టలే అన్నా" అన్నాడు. ఫోన్ తీసి, ఇయ్యాల రానని చింతచెట్టు వాళ్లకు చెప్పేశాడు.

నా బుద్ధి కారణం వెతకడం మొదలుపెట్టింది. పోగు ముందే ఉందేమో, నేను చూసుకోలేదేమో అనుకున్నాను. కానీ ఇనుప బ్రష్ కింద ఉన్ని పోగు నిలవదు. నిలిచినా కిరోసిన్‌తో, నూనెతో తడిసిపోవాలి. ఆ పోగు పైన పొడిగా ఉంది. లింకుకు ఆనుకున్న లోపలి వైపు మాత్రమే కొద్దిగా నూనె పీల్చింది. నా దుకాణంలో ఉన్ని అన్నదే లేదు, తుడవడానికి పాత నూలు బట్టలే వాడతాను.

పక్కన మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఆయన కెమెరాలో నా షట్టర్ ముందు భాగం పడుతుంది. ఇద్దరం కూర్చుని చూశాం. నేను చాయ్‌కు వెళ్లడం, తిరిగి రావడం కనబడ్డాయి. మధ్యలో ఎవరూ లోపలికి పోలేదు. కాకపోతే ఒక బస్సు అడ్డంగా నిలబడి ఓ రెండు నిమిషాలు ఏమీ కనబడలేదు. దాచకుండా చెబుతున్నాను. ఆ రెండు నిమిషాల్లో ఎవరో వచ్చి, డెబ్బైకి పైగా ఉన్న లింకుల్లో పగిలిన ఒక్కదాన్నే పట్టుకుని, ఉన్ని పోగు ముడి వేసి వెళ్లారనుకోవచ్చు. అలా అనుకుందామని నేనే ఎంతో ప్రయత్నించాను.

ఆ ఆదివారం అనంతమ్మక్క దగ్గరికి వెళ్లాను. నా మనసులో ఉన్నది భయం కంటే తప్పు చేశానన్న బాధే. ఆమె మరిది ప్రాణం నా అశ్రద్ధ వల్ల పోయేది. ఆ మాట నా నోటితోనే చెప్పాలనిపించింది.

ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది. మల్లేశం ఇంట్లో ఏమీ చెప్పలేదని అక్కడికెళ్లాక తెలిసింది. నేను జరిగింది చెప్పి, పోగుతో సహా కోసి తీసిన లింకును కాగితంలోంచి తీసి చూపించాను.

ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని దాన్ని తీసుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గిది ఎవలిచ్చిన్రు నీకు?"

"ఎవలియ్యలే అక్కా. చైన్‌కే ఉండె."

అప్పుడు చెప్పింది. పెంటయ్యన్న రోజూ పొద్దుగూకాక చైన్ ఒళ్లో వేసుకుని లింకు లింకు తడిమేవాడట. అనుమానం వచ్చినదానికి గొంగడి అంచు నుంచి ఒక పోగు లాగి కట్టేవాడట. పొద్దున వెలుతురులో మళ్లీ చూసుకుని, పోగు తీసేసి నా దగ్గరికి తెచ్చేవాడట. మందలో నలతగా ఉన్న గొర్రె కాలికి ఆనవాలుగా అలాగే కట్టేవాడట.

"గీ ముడి ఆయనదే తమ్మీ. కొస లోపలికి దోపుతడు. నాకు మస్తుసార్లు నేర్పిండు, నాకు రాకపాయె. మల్లేశంకు అసలే రాదు."

"గొంగడి ఇంట్ల ఏమన్న మిగిలిందా అక్కా? పోగో, ముక్కో?"

"ఏడిది? మనిషి మీదనే కప్పితిమి గదా. నువ్వు చూడలే?"

చూశాను. అందుకే అడిగాను.

ఆమె భయపడుతుందనుకున్నాను, లేదా నన్ను తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. లింకును అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో ఆ ముడిని మెల్లగా రాస్తూ కూర్చుంది. కళ్ల నిండా నీళ్లు. కాసేపటికి అన్నది:

"తమ్ముని పానం కాపాడుకున్నడు. మంచిగనే చేసిండు." లింకును గుప్పిట్లో మూసుకుంది. "నీ దుకాణం దాక వచ్చినోడు, ఇంటికి రాకపాయెనా తమ్మీ? నేను ఎదురుచూస్తలేనా?"

ఆ లింకు నాకు వద్దు, ఉంచుకో అక్కా అన్నాను. కొంగు చివర మూట కట్టుకుంది. ఒక ఫోటో అయినా తీసిపెట్టుకోవాలని అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు ఎవరైనా రుజువు అడిగితే నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు.

మర్నాడే కళ్లద్దాలు చేయించుకున్నాను. ఇప్పుడు ఎవరి చైన్ అయినా, ఎంత తొందరలో ఉన్నా, ప్రతి లింకూ చూడనిదే ఇవ్వను. మల్లేశం కూడా ఇప్పుడు చైన్ పడేసి పోవడం లేదు. స్టూల్ లాక్కుని ఎదురుగా కూర్చుంటున్నాడు.

అది జరిగి ఏడాది కావస్తోంది. మళ్లీ అలాంటిది ఏదీ జరగలేదు. ఎలా జరిగిందో నాకు తెలియదు. తెలుసుకోగలనన్న ఆశ కూడా లేదు.

మల్లేశం చైన్ పట్టుకుపోయేటప్పుడు ఒక్కోసారి గుమ్మం దగ్గర ఆగుతాడు. "వదిన అడగమన్నది. మల్ల ఏమన్న కనవడ్డదా అని" అంటాడు.

"ఏం లేదని చెప్పు" అంటాను.

ఏం లేదంటే చైన్ బాగున్నట్టు. మల్లేశం సాయంత్రం ఇంటికి చేరతాడన్నట్టు. అది మంచి మాటే. కానీ అనంతమ్మక్క దాని కోసం కాదు అడిగేది.